నంబరు ఒకటే, బస్సులు రెండు: బస్సు చరిత్ర రాసేవారి ప్రశ్నలకు జవాబులు

ఒకే రకం బస్సు మీద పుస్తకం రాయాలనుకునే పాఠకుల ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. కొన్ని లండన్‌లో తిరిగిన ఎర్ర డబుల్ డెక్కర్ రూట్‌మాస్టర్ గురించి, కొన్ని మన హైదరాబాద్ డబుల్ డెక్కర్ గురించి. ఇద్దరికీ పనికొచ్చే ప్రశ్నలను ఎంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: రూట్‌మాస్టర్ మీద తెలుగులో చరిత్ర పుస్తకం రాయాలని రెండేళ్లుగా సమాచారం పోగుచేస్తున్నాను. నోట్సు నాలుగు వందల పేజీలు దాటింది గానీ ఒక్క అధ్యాయమూ నిలబడడం లేదు. ఎక్కడ తేడా వస్తోంది?
— ఒక పాఠకుడు, హౌన్‌స్లో, లండన్

జవాబు: నోట్సు పెరిగి అధ్యాయం కుదరడం లేదంటే హద్దు గీసుకోలేదన్నమాట. మీ పుస్తకంలోకి ఏ బస్సులు వస్తాయో, ఏవి రావో ముందు ఒక కాగితం మీద లెక్క తేల్చండి. రూట్‌మాస్టర్లు మొత్తం 2,876. ఈ అంకె అందరూ రాస్తారు, ఎలా వచ్చిందో చూపేవాళ్లు తక్కువ. అప్పట్లో లండన్ బస్సులు నడిపిన లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ ఇచ్చిన వరుస సంఖ్యలు 1 నుంచి 2760 వరకు. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని నార్తర్న్ జనరల్ కంపెనీకి కట్టినవి 50. విమాన ప్రయాణికులను ఊళ్లోంచి విమానాశ్రయానికి చేర్చడానికి బీఈఏ (బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్) సంస్థకు కట్టినవి 65. ఇంజను వెనక పెట్టి 1966లో ప్రయోగంగా కట్టిన ఎఫ్‌ఆర్‌ఎం 1 ఒక్కటి. కూడితే 2,876 వస్తుంది. ఇక్కడొక చిక్కుంది. ముందు తలుపుతో లండన్ కోసం కట్టిన ఆర్‌ఎంఎఫ్ 1254ను తర్వాత నార్తర్న్ జనరల్ కొనుక్కుంది. కాబట్టి ఆ కంపెనీ నడిపినవి 51, దానికోసం కట్టినవి 50. ఈ రెంటినీ కలిపేస్తే మీ మొత్తం ఒకటి ఎక్కువ వస్తుంది. ఆ ఒక్కటి ఎక్కడిదో వెతకడానికి నెలలు పడుతుంది.

లెక్క తేలాక రకాలు విడదీయండి. మామూలు ఆర్‌ఎం (అంటే రూట్‌మాస్టర్) పొడవు 27 అడుగుల 6 అంగుళాలు, సీట్లు 64. ఆర్‌ఎంఎల్ 30 అడుగులు, సీట్లు 72. ఆర్‌ఎంసీ, ఆర్‌సీఎల్ అనేవి ఊరి బయటి దూరప్రయాణాలకు తలుపులతో కట్టిన కోచ్‌లు. మొదటి నమూనాలు నాలుగూ వేరే కథ. 2012 ఫిబ్రవరిలో రోడ్డెక్కిన ‘కొత్త రూట్‌మాస్టర్’ది పేరు మాత్రమే ఒకటి, కట్టినవాళ్లు వేరు, నిర్మాణం వేరు. దాన్ని చివరి అధ్యాయంలో ఒక పేజీకి పరిమితం చేయండి, లేదా వదిలేయండి.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘మొదటి రూట్‌మాస్టర్ ఎప్పుడు వచ్చింది?’ అన్న ప్రశ్నకు నాలుగు సరైన జవాబులున్నాయి. ఆర్‌ఎం 1ను 1954లో ఎర్ల్స్ కోర్ట్ వాహన ప్రదర్శనలో జనానికి చూపించారు. అది ప్రయాణికులను ఎక్కించుకున్నది 1956 ఫిబ్రవరి 8న, 2వ నంబరు రూటులో. ఫ్యాక్టరీలో వరుస ఉత్పత్తి 1958లో మొదలైంది. పైతీగల కరెంటుతో నడిచే ట్రాలీబస్సుల స్థానంలో గుంపుగా రోడ్డెక్కినవి 1959 నవంబరులో, పాప్లర్, వెస్ట్ హామ్ గ్యారేజీల నుంచి. చూపిన తేదీ, కట్టిన తేదీ, గ్యారేజీకి చేరిన తేదీ, సర్వీసులోకి దిగిన తేదీ: ఈ నాలుగింటికీ నాలుగు గడులు పెట్టుకోకుండా ఏ తేదీనీ రాసుకోవద్దు.

ఇక మీ నోట్సు. దాన్ని కంప్యూటర్ పట్టికలోకి ఎక్కించేటప్పుడు అందరూ బస్సుకొక వరుస చొప్పున పెడతారు. అది ఆరు నెలల్లో పగిలిపోతుంది. ఒకే బస్సు నాలుగు గ్యారేజీలు మారుతుంది, మూడుసార్లు ఓవర్‌హాలింగ్‌కు పోతుంది, ఇంజను మారుతుంది. ఒక వరుసలో ఇవన్నీ ఇమడవు. సంఘటనకొక వరుస పెట్టండి. గడులు ఇవి: బస్సు సంఖ్య, బాడీ సంఖ్య, నంబరు ప్లేటు, సంఘటన, తేదీ, చోటు, ఏ కాగితంలో చూశారు, ఆ కాగితం పేజీ, నమ్మకం ఎంత. నమ్మకానికి మూడు మెట్లు చాలు: అసలు రికార్డు, అప్పట్లో అచ్చయినది, తర్వాత ఎవరో చెప్పినది.

బస్సు సంఖ్యలను 0002, 0010, 1254 అని నాలుగంకెలతో కొట్టండి. అలా కాకుండా ‘ఆర్‌ఎం 2’, ‘ఆర్‌ఎం 10’ అని రాస్తే వరుసలో పేర్చినప్పుడు 10 తర్వాత 2 వచ్చి కూర్చుంటుంది. అక్షరాలకు ఒక గడి, అంకెలకు ఒక గడి ఉండాలి.

చివరగా ఒక లెక్క. బస్సుకు పది సంఘటనలే అనుకున్నా 2,876 బస్సులకు 28,760 వరుసలు. ఉద్యోగం చేసుకుంటూ ఒక్కరే చేసే పని కాదిది. 880 నుంచి 903 వరకున్న తొలి 24 ఆర్‌ఎంఎల్‌లు తీసుకోండి, లేకపోతే 68 ఆర్‌ఎంసీ కోచ్‌లు, లేకపోతే మీ ఇంటికి దగ్గరున్న ఒక్క గ్యారేజీ. మిగతా వాటిని మొదటి రెండు అధ్యాయాల్లో నేపథ్యంగా చెప్పండి. అప్పుడు పుస్తకం పూర్తవుతుంది.

ప్రశ్న: నా దగ్గర రెండు ఫొటోలున్నాయి. రెండు బస్సుల మీదా సంఖ్య ఒకటే. ఒకదాంట్లో పై అంతస్తు ముందు కిటికీలు తెరుచుకునే రకం, రెండోదాంట్లో తెరుచుకోనివి. ఏ ఫొటో కింద రాసిన వివరం తప్పు?
— అదే పాఠకుడు

జవాబు: రెండూ ఒప్పే కావచ్చు. రూట్‌మాస్టర్ చరిత్ర రాసేవాళ్లు అందరికన్నా ముందు అర్థం చేసుకోవలసింది ఇదే. అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాం.

లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఆల్డెన్‌హామ్ అనే చోట లండన్ ట్రాన్స్‌పోర్ట్‌కు పెద్ద ఓవర్‌హాలింగ్ వర్క్‌షాపు ఉండేది. 1986లో మూతపడింది. కొన్నేళ్లకొకసారి ప్రతి బస్సూ అక్కడికి వచ్చేది. బస్సు లోపలికి వచ్చిందంటే విప్పి, బాగుచేసి, రంగు వేసి బయటికి పంపడానికి వారాలు పట్టేది. అన్నాళ్లూ దాని రోడ్డు పన్నూ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టూ వృథాగా పోతాయి. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, పాత బస్సు గేటు లోపలికి రాగానే దాని సంఖ్యనూ నంబరు ప్లేటునూ అప్పటికే బాగుచేసి సిద్ధంగా ఉన్న ఇంకో బస్సుకు తగిలించి బయటికి పంపేవారు. లోపలికి వచ్చిన బస్సు పేరు లేకుండా పడివుండి, పని పూర్తయ్యాక ఇంకెవరిదో పేరు పెట్టుకుని బయటపడేది. కాగితాల్లో బస్సు ఆగిందే లేదు, పన్ను వృథా కాలేదు. బాడీలన్నీ ఒకే కొలతకు కట్టినవి కాబట్టి, ఏ బాడీ కింద ఏ ఇంజను, చక్రాల యూనిట్లైనా సరిగ్గా అతికేవి కాబట్టి ఇది సాధ్యమైంది.

అంటే ఒక ‘ఆర్‌ఎం’ సంఖ్య పదేళ్లలో రెండు మూడు బాడీల మీద తిరిగి ఉండొచ్చు. తొలిరోజుల్లో కట్టిన సుమారు 250 బాడీలకు పై అంతస్తు ముందు కిటికీలు తెరుచుకునేవి కావు. ఆ తర్వాతి వాటికి తెరుచుకునేవి పెట్టారు. ఆల్డెన్‌హామ్ మార్పిళ్లలో ఆ పాత బాడీలు పెద్ద సంఖ్యల కిందికి చేరాయి, కొత్త బాడీలు చిన్న సంఖ్యల కిందికి వచ్చాయి. మీ రెండు ఫొటోల మధ్య ఓవర్‌హాలింగ్ జరిగిందని కిటికీలే సాక్ష్యం చెబుతున్నాయి. ఫొటోల తేదీలు తెలిస్తే ఆ రెండు తేదీల మధ్య మార్పు జరిగిందని రాయొచ్చు. అంతకు మించి ఒక్క మాటైనా అనాలంటే బాడీ సంఖ్య రాసిన రికార్డు చూడాలి.

సరే, నంబరు ప్లేటైనా స్థిరమా అంటే అదీ కాదు. మొదట్లో దానికొక వరుస ఉండేది: 299 దాకా వీఎల్‌టీ అక్షరాలతో, 300 నుంచి 999 దాకా డబ్ల్యూఎల్‌టీ అక్షరాలతో, బస్సు సంఖ్యా ప్లేటు అంకెలూ ఒకటే. ఆర్‌ఎంఎల్ 880 అంటే డబ్ల్యూఎల్‌టీ 880. నమూనా బస్సులకు ఇది వర్తించదు. ఆర్‌ఎం 1 ప్లేటు ఎస్‌ఎల్‌టీ 56. ప్లేటు మీద మూడంకెలే పడతాయి కాబట్టి ఆర్‌ఎం 1000 దగ్గర వరుస తెగింది. దాని ప్లేటు 100 బీఎక్స్‌ఎల్. చాలామంది ఇక్కడే ఊహించి రాసి దొరికిపోతారు. తర్వాతి కాలంలో ఈ పాత ప్లేట్లకు గిరాకీ పెరిగింది. కంపెనీలు వాటిని ఊడదీసి కొత్త బస్సులకు పెట్టుకుని, రూట్‌మాస్టర్లకు వేరే నంబర్లు తీసుకున్నాయి. కాబట్టి వీఎల్‌టీ ప్లేటు కనబడినంత మాత్రాన అది రూట్‌మాస్టరే అనుకోవద్దు.

ఇంజను సంగతీ అంతే. ఎక్కువ వాటిలో 9.6 లీటర్ల ఏఈసీ ఏవీ 590, కొన్నింటిలో లేలాండ్ ఓ 600. 1990ల్లో చాలా బస్సులకు కమిన్స్, ఇవెకో, స్కేనియా ఇంజన్లు ఎక్కించారు. ఏ తేదీ దగ్గర ఏ ఇంజనో రాయకుండా ‘ఈ బస్సు ఇంజను ఫలానా’ అని రాస్తే అది అరకొర వాక్యం.

పుస్తకంలో పాఠకుడికి ఈ విషయం మొదటి అధ్యాయంలోనే చెప్పేయండి. తర్వాత మాట నిలకడగా వాడండి. ‘ఆర్‌ఎం ఫలానా’ అంటే ఆ రోజున ఆ సంఖ్య మోస్తున్న బస్సు. బాడీ గురించి చెప్పేటప్పుడు ‘ఫలానా సంఖ్యతో కట్టిన బాడీ’. ఈ రెండూ కలగాపులగం అయిన పుస్తకాన్ని తెలిసినవాళ్లు పదో పేజీ దగ్గర మూసేస్తారు.

ప్రశ్న: సాంకేతిక వివరాలు తెలుగులో ఎలా రాయాలి? ‘సమీకృత లోహ నిర్మాణం’ లాంటి మాటలు రాస్తే మా మెకానిక్ మిత్రుడికే అర్థం కావడం లేదు.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మిత్రుడిదే సరైన పరీక్ష. డిపోలో ఏ మాట పలుకుతుందో అదే రాయండి: ఛాసిస్, బాడీ, గేర్‌బాక్స్, బ్రేకు, స్టీరింగు, కాయిల్ స్ప్రింగు. మాట మార్చి లాభం లేదు, పని ఎలా జరుగుతుందో చూపించాలి.

రూట్‌మాస్టర్ విశేషం చెప్పడానికి తెలుగు పాఠకుడి కళ్లముందే ఒక బొమ్మ ఉంది. మన హైవేల మీద బాడీ లేని ఛాసిస్‌లు వరుసగా పోతుంటాయి. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, చుట్టూ తలుపులూ అద్దాలూ లేకుండా గాలికి కూర్చుని నడుపుతుంటాడు. ఆ ఛాసిస్ దానంతటది నడిచే బండి. బాడీ తర్వాత ఎక్కడో కడతారు. రూట్‌మాస్టర్‌ను అలా నడిపించలేరు, ఎందుకంటే దానికి ఛాసిస్సే లేదు. అల్యూమినియం బాడీయే బరువు మోస్తుంది. ముందు ఇంజను, స్టీరింగు, ముందు చక్రాలు మోసే ‘ఎ’ ఫ్రేము, వెనక యాక్సిల్ మోసే ‘బి’ ఫ్రేము బాడీకి కిందనుంచి బిగుస్తాయి. అందుకే ఆల్డెన్‌హామ్‌లో వాటిని విప్పి వేరే బాడీ కింద పెట్టగలిగారు. ఇలా చెబితే నిర్మాణమూ, వెనకటి ప్రశ్నలోని నంబర్ల గందరగోళమూ రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

సాంకేతిక వివరం ఎందుకు ముఖ్యమో ఎప్పుడూ ప్రయాణికుడి వైపునుంచి, డ్రైవరు వైపునుంచి చెప్పండి. అంతకు ముందున్న ఆర్‌టీ బస్సులో సీట్లు 56. రూట్‌మాస్టర్‌లో 64. ఎనిమిది మంది ఎక్కువ కూర్చున్నా బస్సు బరువు పెరగలేదు, అల్యూమినియం పుణ్యమా అని. పవర్ స్టీరింగు, క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ గేర్లు, హైడ్రాలిక్ బ్రేకులు, ముందు చక్రాలకు విడివిడిగా కాయిల్ స్ప్రింగులు: 1950లలో ఊరి బస్సు డ్రైవరుకు ఇవన్నీ ఒకేచోట దొరకడం చిన్న విషయం కాదు.

నమూనాలకూ ఉత్పత్తి బస్సులకూ తేడా రాయడం మరవొద్దు. ఆర్‌ఎం 1, ఆర్‌ఎం 2లకు మొదట రేడియేటరు ముందు లేదు, నేల కింద ఉండేది. తర్వాత ముందుకు మార్చారు. దాంతో బస్సు ముఖమే మారిపోయింది. ఆర్‌ఎం 1 పాత ఫొటో పెట్టి ‘రూట్‌మాస్టర్ ఇలా ఉండేది’ అని రాస్తే పాఠకుడు తికమకపడతాడు.

రంగుల గురించి కూడా రాయండి. లోపలి అలంకరణ డగ్లస్ స్కాట్ చేతిది: కింది పలకలు ముదురు వైన్ రంగు, కిటికీల చుట్టూ ఆకుపచ్చ, పైకప్పు లేత పసుపు. ఇంజనీర్ల పేర్లలో ఏ.ఏ.ఎం. డ్యూరాంట్, కాలిన్ కర్టిస్ తప్పక ఉండాలి. ఒక్కరి పేరు రాసి ‘ఈయనే సృష్టికర్త’ అంటే అన్యాయం. ఈ బస్సు ఒక బృందం చేతుల్లో రూపుదిద్దుకుంది.

ప్రశ్న: హైదరాబాద్ డబుల్ డెక్కర్ చరిత్ర రాయాలనుకుంటున్నాను. రికార్డులు ఎక్కడ ఉంటాయి? ఆర్టీసీని అడిగితే ఇస్తారా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ముందు ఒక మాట: డబుల్ డెక్కర్ అనేది మోడల్ పేరు కాదు, ఆకారం. హైదరాబాద్‌లో వేర్వేరు కాలాల్లో వేర్వేరు బస్సులు రెండంతస్తులతో తిరిగాయి. ప్రతి బస్సుకూ మూడు పేర్లు విడివిడిగా కావాలి: ఛాసిస్ కంపెనీ, ఛాసిస్ మోడల్, బాడీ కట్టినవాళ్లు. అశోక్ లేలాండ్ టైటాన్ డబుల్ డెక్కర్ ఛాసిస్ వచ్చింది 1967లో. కాబట్టి అంతకు ముందు నాటి ఫొటోలో ఉన్నది టైటాన్ అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. 2023 ఫిబ్రవరిలో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) తెచ్చిన కరెంటు డబుల్ డెక్కర్లు పూర్తిగా వేరే తరం.

కాలాన్ని సంస్థల వారీగా విడగొట్టండి, ఎందుకంటే కాగితాలు కూడా అలాగే విడిపోయాయి. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ఇక్కడి బస్సు రవాణా మొదలైంది. 1951 నవంబరులో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. మొదటి దశకు రైల్వే వార్షిక నివేదికలు వెతకండి, బస్సుల కథ రైల్వే కాగితాల్లో దాగి ఉంటుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఫైళ్లు ఉర్దూలో ఉంటాయి. మీకు ఉర్దూ రాకపోతే చదివిపెట్టే తోడును ముందే చూసుకోండి. రాష్ట్రాల రవాణా సంస్థల లెక్కలకు పుణెలోని సీఐఆర్‌టీ (కేంద్ర రోడ్డు రవాణా అధ్యయన సంస్థ) ప్రచురణలు పనికొస్తాయి, కానీ అది 1967లో పుట్టిన సంస్థ.

ఆర్టీసీని అడగడానికి సమాచార హక్కు చట్టం ఉంది. రుసుము 10 రూపాయలు, నకలు పేజీకి 2 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. తిరిగొచ్చే దరఖాస్తులన్నీ ఒకేలా ఉంటాయి: ‘డబుల్ డెక్కర్ల చరిత్ర తెలియజేయగలరు’. చట్టం కింద వాళ్లివ్వాల్సింది ఉన్న కాగితం నకలు. చరిత్ర రాసిపెట్టమని అడిగే హక్కు మనకు లేదు. అందుకే కాగితాన్ని పేరు పెట్టి అడగండి. ఫలానా డిపోకు ఫలానా సంవత్సరాల మధ్య కేటాయించిన రెండంతస్తుల బస్సుల జాబితా, వాటి రిజిస్ట్రేషన్ నంబర్లు. వాటిని పనికిరానివిగా తీసేసిన ఉత్తర్వులు. తుక్కు వేలం జాబితాలు. ఒక్కో దరఖాస్తులో ఒక్కో విషయమే ఉంచండి. ‘రికార్డులు లేవు’ అని జవాబొస్తే రెండో దరఖాస్తు పెట్టండి: ఆ రికార్డులను నాశనం చేసినట్టు నమోదు చేసిన రిజిస్టరు పేజీ నకలు ఇవ్వమని. ఏ ఏటి ఫైళ్లు ఎప్పుడు పోయాయో తెలియడం కూడా సమాచారమే. మొదటి అప్పీలుకు 30 రోజుల గడువుంది, జారవిడవకండి. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారానికి చట్టంలోని మినహాయింపులు చాలావరకు వర్తించవు. సెక్షన్ 8(3) అని దరఖాస్తులోనే రాయండి.

మీరు ఉత్తరంలో అడిగిన ‘జెడ్’ కథ: పాత బస్సుల నంబర్లలో ఆ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని జనంలో బాగా ఉంది. పుస్తకంలో పెట్టండి, కానీ ‘ఇలా చెప్పుకుంటారు’ అన్న మాటతోనే. దాన్ని వాస్తవంగా రాయాలంటే ఆ అక్షరం కేటాయించిన ఉత్తర్వు కావాలి.

ప్రశ్న: పాత డ్రైవర్లు, కండక్టర్లతో మాట్లాడుతున్నాను. సంవత్సరాలు అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: సంవత్సరం అడగకండి. మనిషికి చేతిలో ఉన్న వస్తువు గుర్తుంటుంది, క్యాలెండరు గుర్తుండదు. ‘టిక్కెట్టు అణాల్లో కొట్టారా, నయాపైసల్లోనా?’ అని అడిగితే చాలు, జవాబు 1957 ఏప్రిల్‌కు ముందో తర్వాతో పడుతుంది. ‘దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా?’ అంటే 1977 నవంబరు గీత దొరుకుతుంది. లండన్‌లో మాట్లాడేవాళ్లు షిల్లింగులా కొత్త పెన్నీలా అని అడగాలి. అక్కడ డబ్బు మారింది 1971 ఫిబ్రవరి 15న. 1977లో రాణి రజతోత్సవానికి 25 రూట్‌మాస్టర్లకు వెండిరంగు వేశారు. ‘వెండి బస్సు నడిపారా?’ అన్న ప్రశ్నకు ఎవరూ తడుముకోరు.

ఫొటో తీసుకెళ్లండి, బల్ల మీద పెట్టి ఊరుకోండి. మాట దానంతటదే వస్తుంది. ‘ఈ కడ్డీ పట్టుకునే వేలాడేవాళ్లు’, ‘ఈ మెట్టు దగ్గరే జారిపడేవాళ్లు’ అని వేలు పెట్టి చూపిస్తారు. ఆ వేలు ఎక్కడ పెట్టారో కూడా రాసుకోండి. బస్సు మెట్టు ఎత్తు, నిలువు కడ్డీ ఉన్న చోటు, గంట తాడు: వీటిని ఏ డ్రాయింగూ వాడినవాళ్లంత బాగా చెప్పదు.

మాట్లాడేవారిని ఎంచుకోవడంలో కూడా చరిత్ర ఉంది. లండన్ ట్రాన్స్‌పోర్ట్ 1956 నుంచి బార్బడోస్‌లోనే నేరుగా ఉద్యోగులను ఎంపిక చేసి తెచ్చుకుంది. రూట్‌మాస్టర్ వెనక మెట్టు మీద నిలబడ్డ కండక్టర్లలో వాళ్లెందరో ఉన్నారు. వాళ్ల గొంతు లేకుండా ఆ బస్సు చరిత్ర సగమే.

సంతకం సంగతి: రికార్డు చేసే ముందే, వాళ్ల మాటలు పుస్తకంలో వాడడానికి ఒప్పుకున్నట్టు రెండు లైన్ల కాగితం మీద సంతకం తీసుకోండి. పెద్దవాళ్లు, రేపు అడుగుదామనుకుంటే ఆ రేపు రాకపోవచ్చు.

ప్రశ్న: పాత నెగటివ్‌లు కొన్నాను. పుస్తకంలో అచ్చు వేయొచ్చా? ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేయించాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నెగటివ్ కొన్నంత మాత్రాన హక్కు రాదు. అది వస్తువు, హక్కు ఫొటో తీసినవారిది, వారి తర్వాత వారసులది. బ్రిటన్‌లో తీసినవారు పోయాక 70 ఏళ్లు, మన దేశంలో 2012 సవరణ తర్వాత 60 ఏళ్లు. ప్రభుత్వ రంగ సంస్థ తీయించినదైతే ప్రచురణ నుంచి 60 ఏళ్లు. వారసులను వెతికి రాతలో అనుమతి తీసుకోండి. అందులో ‘ఈ పుస్తకం, అన్ని ముద్రణలు, ఈ-పుస్తకం’ అని స్పష్టంగా ఉండాలి. లేకపోతే రెండో ముద్రణకు మళ్లీ తిరగాలి.

స్కాన్ లెక్క సులువు. 35 ఎంఎం నెగటివ్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే సుమారు 1.42 అంగుళాలు. 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) స్కాన్ చేస్తే సుమారు 3,400 పిక్సెళ్లు వస్తాయి. అచ్చుకు అంగుళానికి 300 కావాలి కాబట్టి 11 అంగుళాల దాకా పెంచుకోవచ్చు. పుస్తకం పేజీకి అది సరిపోతుంది. అయితే మీకు కావలసింది బస్సు పక్కన చిన్నగా రాసిన సంఖ్య అయితే 4000కు పోండి, ఒక్కసారి చేయించండి. టిఫ్ ఫైలుగా దాచండి; జేపెగ్‌ను తెరిచి సరిదిద్ది దాచిన ప్రతిసారీ చిన్న అక్షరాల అంచులు కొంచెం కొంచెం కరిగిపోతాయి, ఆ అంచుల్లోనే మీ బస్సు సంఖ్య ఉంటుంది. నెగటివ్ తిరగేసి స్కాన్ చేయడం తరచూ జరిగే పొరపాటు. నంబరు ప్లేటు కనిపిస్తే వెంటనే తెలుస్తుంది. కనబడకపోతే రూట్‌మాస్టర్ వెనక మెట్టు ఎటువైపుందో చూడండి. అది ఎప్పుడూ ఎడమవైపు, పేవ్‌మెంటు వైపే ఉంటుంది.

ప్రశ్న: అచ్చు వేయించేటప్పుడు ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పేజీలు 16ల లెక్కలో రావాలి, 160, 176, 192. ఫొటోలన్నీ ఒకచోట కాకుండా రాతతో కలిసి రావాలంటే పుస్తకమంతా ఆర్ట్ కాగితం మీద వేయాలి, ఖర్చు పెరుగుతుంది. రాత 70 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో (మామూలు అచ్చు కాగితం) మీద, ఫొటోలు 16 పేజీల ఆర్ట్ కాగితం ఫారం మీద విడిగా వేయిస్తే చవక. డీటీపీలో యూనికోడ్ నుంచి వేరే ఫాంటులోకి మార్చాక పట్టికలన్నీ మళ్లీ అంకె అంకె సరిచూడండి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు అసలు పట్టిక పట్టుకుని టిక్కు పెట్టాలి. ఒక్కరే చేస్తే కన్ను తనకు తెలిసిన అంకెనే చూస్తుంది.

బస్సు సంఖ్యల సూచిక తప్పనిసరి. పాఠకుడు తాను ఎక్కిన బస్సును మొదట వెతికేది అక్కడే. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చట్టం చెప్పిన మిగతా మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. మీ సంఘటనల పట్టికను, అన్ని గడులతో, ‘నమ్మకం’ గడితో సహా, ఒక ఆర్కైవ్‌కు ఇవ్వండి. మీ పుస్తకంలో ఏదో ఒక తేదీ తప్పని ఎవరో ఉత్తరం రాస్తారు. ఆ తేదీ ఏ కాగితం నుంచి తీసుకున్నారో ఆ పట్టిక చూసి చెప్పాలి.